అమెరికా బండి, ఒంటికాలి పెండ్లికొడుకు

పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయాడని ఎవరో పాపపు మనిషిని సామెతలో ఎక్కించి తరతరాలుగా ఆడిపోసుకుంటున్నారు. నన్నడిగితే అతనిది చాలా చిన్న తప్పు. పిల్లి ఎంత, దాని బరువెంత? నేను మా అన్న పెండ్లికి లారీ అంత పొడుగున్న అమెరికా కారును తోలుకుపోయాను. ఆ పూట జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. నాకు మాత్రమే. మా ఇంట్లో మిగతావాళ్ళకు మాత్రం ఆ కథ చెప్పుకోకపోతే అన్నం దిగదు. ఇంతమంది నవ్వాక మీరొక్కరు నవ్వకపోతే నాకేం ఒరుగుతుంది? చెప్తాను, కూర్చోండి.

ముందు బండి సంగతి. అమెరికా కారు అనగానే మీ కళ్ళముందుకు ఏది వచ్చిందో నాకు తెలుసు. టాపు లేనిది, వెనక రెక్కలున్నది, ఎర్రగా నిగనిగలాడేది, అవునా? మాది అది కాదు. మాది పిల్లాపాపలతో, సంచులతో, గంపలతో సంతకు పోయే ఇల్లాలి లాంటి బండి. నాలుగు తలుపులు, వెనక ఇంకో పెద్ద తలుపు, వ్యాగన్ అంటారు. హైదరాబాదులో అప్పుడప్పుడు పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. నేను పనిగట్టుకుని బస్సెక్కి పోయి చూస్తాను. నవాబుల కార్లు వస్తాయి, జమీందార్ల కార్లు వస్తాయి, మా బండి లాంటి సంసారపు బండి ఒక్కటీ రాదు. ఒకసారి ఉండబట్టలేక ఒకాయనను అడిగాను.

"అన్నా, ఇంటిబండ్లు రావా?"

"అవన్ని ఎప్పుడో పాత ఇనుముల కలిసిపోయినయ్ తమ్మీ. వాటినెవలు దాచుకుంటరు?"

నాకు పానం సుర్రుమంది. అమ్మ చేతి పప్పుచారును ఎవరైనా ఫొటో తీసి గోడకు పెట్టుకుంటారా? పెట్టుకోరు. అంతమాత్రాన అది తక్కువదా?

మా బండి ఏనాడో బోధన్ వైపు చెరుకు మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక దొరది. ఆయన పోతూ పోతూ వదిలేస్తే చేతులు మారి మారి నిజామాబాదులో మా బాపు దగ్గరికి చేరింది. బాపుది గంజ్‌ బజారులో పసుపు వ్యాపారం. వెనక తలుపు తెరిస్తే పసుపు బస్తాలు ఎద్దులబండిలో పట్టినట్టు పడతాయని కొన్నాడు తప్ప, దాని అందచందాలు చూసి కాదు. అందచందాలు చూసింది నేను. పిస్తా రంగు ఒళ్ళు, మీగడ రంగు టాపు. రెండు పక్కలా చెక్క పలకలు బిగించినట్టు ఉండేది. నిజానికి అది చెక్క కాదు, చెక్కలా కనిపించే కాగితం. ఎండకు లేచిపోయినప్పుడల్లా మా అవ్వ, అంటే అమ్మ, మైదాపిండి ఉడికించి అంటించేది. ముందు సీటు మా ఇంట్లో మంచమంత. గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగు మెడకు వేలాడుతుంది. అన్నిటికంటే వెనక సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చున్న పిల్లలకు పోయే ఊరు కనబడదు, వదిలి వచ్చిన ఊరు కనబడుతుంది. లోపల ఎప్పుడూ పసుపు వాసన. నేను ఆ వాసనలోనే పెరిగాను, ఆ వాసనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

ఒక్కటే తిరకాసు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, మన దేశంలో బండ్లన్నిటికీ స్టీరింగు కుడి పక్కన ఉంటే దానికి ఎడమ పక్కన ఉండేది. దాంతో ఆ బండి నడపడం ఒక్కడి పని కాదు. ముందు లారీ పోతుంటే, ఎదురుగా ఏం వస్తుందో ఎడమ పక్కన కూర్చున్న డ్రైవరుకు చచ్చినా కనబడదు. కుడి పక్కన కూర్చున్నవాడు తల బయటపెట్టి చూసి చెప్పాలి. మా ఇంట్లో ఆ కొలువు మా అన్నది.

మా అన్న పేరు సాయిలు. మీరు అంత నెమ్మదస్తుణ్ణి చూసి ఉండరు. కూర్చోమంటే కూర్చుంటాడు, లేవమంటే లేస్తాడు, 'ఎందుకు' అనే మాట ఆయన నోట నేను వినలేదు. "ఆగు... ఆగు... బస్సు... సైకిలు... ఇగ పో!" అని అన్న చెప్తే నేను తొక్కేవాణ్ణి. బండికి హ్యాండు బ్రేకు వైరు ఎప్పుడో తెగిపోయింది, గేరులో పెట్టినా నిలవదు. ఎక్కడైనా ఆపితే చక్రం కింద రాయి పెట్టే పని కూడా అన్నదే. ఆ రాయి సీటు కింద మాతోపాటే తిరిగేది. అన్న చూడాలి, అన్న రాయి పెట్టాలి, పేరు మాత్రం 'గంగాధర్ మస్తు నడుపుతడు' అని నాకు.

అన్నకు ఎడపల్లిలో సంబంధం కుదిరింది. ఆ సంతోషం మీద ఉండగానే బాపు నా నెత్తిన బండ వేశాడు.

"పెండ్లయిన తెల్లారి పాత ఇనుపసామానాయన వస్తడు. బండిని ఇచ్చేస్తున్న."

"గదేంది బాపూ! అంత మంచి బండి!"

"మంచిదేరా. పెట్రోలు దాగుడు సూస్తివా, ఎండకాలం బర్రె కుడితి దాగినట్టు దాగుతది. నా పసుపు బస్తాలకు ఆటో ట్రాలీ సాలదా?"

నాకు ఏడుపొచ్చింది. మీసాలొచ్చిన మగపిల్లాడు ఇనుము కోసం ఏడుస్తాడా అంటే, ఏడ్చాను, ఏం చేస్తారు? తర్వాత కళ్ళు తుడుచుకుని ఒక బేరం పెట్టాను.

"అన్న పెండ్లికి గీ బండిలనే పోదాం బాపూ. అన్నను నేను ఇజ్జత్‌తోని పెండ్లింటి ముంగట దించుత. దించితే బండి ఉండాలె."

బాపు లెక్కల పుస్తకం మూశాడు. "సరే. గానీ పెండ్లిల గీ బండి మీద ఒక్క మాట వడ్డదో, మళ్ళ నా ముంగట దాని పేరెత్తొద్దు."

"ఒక్క మాట పడది బాపూ" అన్నాను. ఆ లెక్కన నేను అబద్ధమాడలేదు. పడినవి ఒక్క మాటా రెండు మాటలా?

పెండ్లినాడు పొద్దున్నే బండిని కడిగి, తుడిచి, ముందు అద్దం మీద బంతిపూల దండలు వేలాడదీశాను. రోడ్డు కనబడడానికి చిన్న సందు మాత్రం వదిలాను. బయటివాళ్ళకు లోపల స్టీరింగు ఉందో, తిరగలి ఉందో తెలియదు. ఇక నా అలంకారం. దోస్తు దగ్గర తెచ్చిన సఫారీ సూటు, నల్ల కళ్ళద్దాలు, జేబులో సెంటు రాసిన దస్తీ రుమాలు. అన్న మామూలు తెల్ల ధోవతి, తెల్ల అంగీ. అవ్వ ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఏందిరా గంగాధర్, నీకా పెండ్లి?" అంది. నేను మురిసిపోయాను. తల్లి నోటి మాట అనేది ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తెలియదు.

వెనక సీట్ల నిండా పెండ్లికూతురికి పెట్టే చీరల గంపలు, పండ్ల గంపలు. ముందు నేను, అన్న. బాపు, అవ్వ, మా మేనమామ లింబాద్రి, చుట్టపక్కాలంతా బస్సులో. లింబాద్రి మామ అలగడంలో జిల్లాలోనే పేరుమోసినవాడు. చాయ్ చల్లారిందని లగ్నపత్రిక నాడే ఒకసారి అలిగి లేచిపోతే బస్టాండు నుంచి బతిమాలి తెచ్చారు.

"బస్సు యెంటనే పో. ముంగట వడకు" అని బాపు మరీ మరీ చెప్పాడు. చెప్పినట్టు వింటే నేను నేనెందుకవుతాను?

చెరుకు సీజను. బోధన్ రోడ్డు నిండా ఫ్యాక్టరీకి పోయే చెరుకు ట్రాక్టర్లే. ఒక్కొక్క ట్రాలీ మీద ఇంటి ఎత్తున చెరుకు. బస్సు వాటి వెనక ఈడ్చుకుంటూ పోతుంటే నాకు ఆగబుద్ధి కాలేదు.

"అన్నా, తల బయటపెట్టు!"

పెండ్లికొడుకు తల బయటపెట్టాడు. జుట్టు చెదురుతుందని భుజం మీది తువ్వాల తలకు చుట్టుకుని మరీ పెట్టాడు. "ఆగు... ట్రాక్టరు... ఇంకో ట్రాక్టరు... ఎడ్లబండి... ఇగ పో!" నేను తొక్కడం, ఒక ట్రాక్టరును దాటడం, ఇంకో ట్రాక్టరు వెనక పడడం. దాటిన ప్రతి ట్రాక్టరూ అన్న మొహాన ఇంత పొగ, ఇంత దుమ్ము కొట్టి దీవించింది. ఎడపల్లి దగ్గరపడేసరికి నేను గంజి పెట్టిన సఫారీలో మెరిసిపోతున్నాను. అన్న పొద్దంతా పొయ్యి ఊదినవాడిలా ఉన్నాడు. మా బస్సు మాత్రం ఎక్కడో వెనక చెరుకుల్లో మునిగిపోయింది.

ఊరి ముందు కాలువ కట్ట. రోడ్డు కట్ట మీదికెక్కి, అటు పక్క వాలుగా ఊళ్ళోకి దిగుతుంది. పెండ్లికూతురు తరఫువాళ్ళు ఎదురుకోళ్ళకు సరిగ్గా ఆ వాలులోనే నిలబడ్డారు. మీకు ఎదురుకోళ్ళంటే తెలుసు కదా, వచ్చే పెండ్లికొడుకుకు ఊరి బయటే దండ వేసి, కాళ్ళకు నీళ్ళిచ్చి, నోరు తీపి చేసి, రెండు తరఫులవాళ్ళూ మొహాలకు బుక్కాగులాల్ పూసుకుని లోపలికి తోలుకుపోతారు. బ్యాండువాళ్ళు, పానకం బిందె, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, అంతా వరసగా ఉన్నారు. నేను వాలు మొదట్లో బండి ఆపి, ఇంజను బందు చేసి, కుడికాలితో బ్రేకు తొక్కిపెట్టాను. ఆ కాలు తీస్తే బండి నేరుగా పానకం బిందెలోకి పోతుంది.

మీరిప్పుడు పెండ్లికూతురి తాత ముత్తెన్నను తప్పు పట్టకండి. పాపం, పెండ్లి మాటలప్పుడు ఆయన జ్వరంతో పడుకున్నాడు, మా అన్నను చూడనే లేదు. చూసిన పెద్దలంతా పందిట్లో పనుల మీద ఉన్నారు. ఆయన ఎరిగిన లోకంలో కుడి పక్కన కూర్చున్నవాడు డ్రైవరు, ఎడమ పక్కన కూర్చున్నవాడు పెద్దమనిషి. వచ్చిన బండిలో కుడి పక్కన తలకు తువ్వాల చుట్టుకుని, మొహమంతా మసి పూసుకున్నవాడొకడు. ఎడమ పక్కన సఫారీ, సెంటు, నల్ల కళ్ళద్దాలు. ఆ సందడిలో స్టీరింగు ఎటుందో ఎవరు చూస్తారు? మీరైనా దండ ఎవరి మెడలో వేస్తారు?

నా మెడలో వేశాడు.

"తాతా, నేను గాదు..." అని నోరు తెరిచాను. తెరిచిన నోట్లో ఒక పెద్దావిడ గుప్పెడు చక్కెర పోసింది. బోధన్ పక్క చక్కెరకు కరువా? బ్యాండు మొదలైంది. నా మొహాన గులాబీ రంగు గులాల్ పడింది. కళ్ళద్దాలు కూడా గులాబీ అయిపోయి లోకమంతా గులాబీగా కనిపించింది. ఒక మాట దాచకుండా చెప్తాను. ఆ దండ బరువుగా, చల్లగా, మెడలో బాగానే ఉండింది.

అంతలో కుడి పక్క తలుపు ఎవరో తెరిచారు. "ఓ డ్రైవరన్నా! దిగు, దిగు. జర గా చెట్టు కింద కూసో. చాయ్ పంపిస్త."

అన్న నా వైపు చూశాడు. వాళ్ళ వైపు చూశాడు. దిగమన్నారు కాబట్టి దిగాడు. కూర్చోమన్నారు కాబట్టి పోయి చింతచెట్టు కింద కూర్చున్నాడు. నేను నోట్లో చక్కెరతోనే గావుకేక పెట్టాను.

"అన్నా! రాయి! రాయి పెట్టు!"

బ్యాండు మోతలో 'అన్నా' ఒక్కటే బయటికి వినిపించినట్టుంది. "సూసిండ్రా, డ్రైవర్‌ను గూడ అన్నా అంటున్నడు. ఎంత మర్యాద గల పిలగాడు!" అని ఆడవాళ్ళు మెచ్చుకున్నారు.

ముత్తెన్న తాత చెంబు నీళ్ళు పట్టుకుని తలుపు తీశాడు. "కాళ్ళు బయట వెట్టు అల్లుడా."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసు తొక్కలేదు, బ్రేకు తొక్కాను. అయినా కాలు కడుగుతామని వాళ్ళు కూర్చున్నారు. ఇక లాభం లేదని ఎడమకాలు బయటపెట్టాను. తాత భక్తిగా కడిగాడు. "ఇగ రెండోది."

"అది రాదు తాతా."

"రాదా? ఏమైంది?"

"తీసుడు కాదు తాతా!" నోట్లో చక్కెర పాకమై గొంతులోకి జారుతుంటే అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయాను.

తాత మొహం వాడిపోయింది. నిమిషంలో ఆ మాట వాలు పొడుగునా దిగిపోయింది. నా చెవులతో నేను విన్నాను.

"కుడికాలు రాదట."

"రాకపోవుడేంది, లేదట!"

"కట్టెకాలటనే అక్కా. అమెరికాల వెట్టిచ్చుకున్నడట. అందుకే అమెరికా బండి!"

బ్యాండు ఆగిపోయింది. అప్పటికి నా నోరు ఖాళీ అయింది. ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచాను. "నేను పెండ్లికొడుకును కాదు! నాకు పెండ్లి లేదు!"

"ఓయమ్మో, పెండ్లే వద్దంటున్నడు!" అని ఒకావిడ గుండె బాదుకుంది.

ముత్తెన్న తాత చెంబు పక్కన పెట్టి అక్కడే దుమ్ములో కూలబడ్డాడు. "మోసపోతిమి గదరా. నా మనుమరాలి గొంతు కోస్తిమి గదరా" అంటూ తువ్వాలతో కళ్ళు ఒత్తుకున్నాడు. అక్కడ నాకు నవ్వు, దండ, సఫారీ అన్నీ ఎగిరిపోయాయి. అన్నను ఇజ్జత్‌తోని దించుతానన్నవాణ్ణి అన్న పెండ్లినే చెడగొడుతున్నాను. దిగి తాత కాళ్ళు పట్టుకుందామంటే దిగడానికి లేదు. దిగితే బండి వాలులో ఉన్న జనం మీదికి పోతుంది.

అప్పుడు జనం రెండుగా చీలారు. పసుపు చీర కట్టుకుని, నుదుట ఇంత బొట్టుతో పెండ్లికూతురు స్వయంగా నడిచి వస్తోంది. పేరు సులోచన. మాట ఇంటిదాకా పోయిందట, ఈమె ఎవరాపినా ఆగలేదట.

"ఏ కాలు తాతా?"

"కుడికాలు బిడ్డా."

"సూపులకొచ్చిన నాడు రెండు కాళ్ళ మీదనే వచ్చిండు గద?" అంటూ కిటికీ దగ్గరికొచ్చి, వంగి, నా కళ్ళద్దాలు లాగేసింది. నేను పళ్ళికిలించాను. ఇంకేం చేయను?

"ఈయన గాదు తాతా! ఈయన తమ్ముడు. ఆనాడు మనింట్ల గారెలన్ని తిన్నది ఈయననే." అటూ ఇటూ చూసింది. "మరి ఆయనేడి?"

అంతా వెతికారు. చింతచెట్టు కింద బ్యాండువాళ్ళ చెప్పుల పక్కన మా అన్న కూర్చుని, సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. అందరూ తనవైపే చూస్తుంటే లేచి నిలబడ్డాడు. సాసరు కింద పెట్టమని ఎవరూ చెప్పలేదు కాబట్టి చేతిలోనే పట్టుకున్నాడు.

సరిగ్గా ఆ క్షణానే మా బస్సు కట్ట మీదికి వచ్చింది. బాపు దిగాడు, వెనక లింబాద్రి మామ దిగాడు. చిన్నకొడుకు మెడలో దండ, పెద్దకొడుకు చేతిలో సాసరు.

"ఏందిది?" అన్నాడు మామ. ఎవరో చేతులు కట్టుకుని వివరించారు. "మా అల్లుణ్ణి డ్రైవర్ అన్నరా? చెట్టు కింద చాయ్ తాపిచ్చిండ్రా? గింత బేఇజ్జతా? బస్సు మలుపుండ్రి! పెండ్లి లేదు, గిండ్లి లేదు!"

"మీరు కుడి దిక్కు కూసోవెడితే మాకేం ఎర్క?" అని అవతలివాళ్ళు.

"మా బండి, మా ఇష్టం!" అని ఇవతలివాళ్ళు.

"అసలు గసొంటి వంకర బండి ఎవలు తెమ్మన్నరు?"

బాపు చెవిలో ఆ మాట పడింది. ఆయన నా వైపు తిరిగాడు. కళ్ళు నిప్పులు. "దిగురా!" అన్నాడు.

చిన్నప్పటి నుంచి బాపు 'దిగురా' అంటే చెట్టు మీది నుంచైనా, గోడ మీది నుంచైనా నేను ఆలోచించకుండా దిగేవాణ్ణి. అలవాటు. దిగాను.

బండి కదిలింది.

ఒక్కసారిగా ఉరకలేదు. ఆ బండికి ఆ చిల్లరతనం లేదు. విందులో పెద్దమనిషి పీట మీది నుంచి లేచినట్టు మెల్లగా, హుందాగా కదిలి, తర్వాత వాలు చూసి వేగం పెంచింది. డోళ్ళు ఒక పక్కకు, ఆడవాళ్ళు ఒక పక్కకు, లింబాద్రి మామ కాలువ పక్కకు దూకారు. "అయ్యో, అయ్యో" అంటూ నేను దాని వెనక దండతో సహా పరుగెత్తాను. అందలేదు.

అందుకున్నది పెండ్లికూతురు. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, బండి పక్కన నాలుగడుగులు ఉరికి, తెరిచి ఉన్న ఎడమ తలుపులోంచి లోపలికి దూకింది. కీచుమని శబ్దం. బండి ఆగింది. ముందు పానకం బిందె జానెడు దూరంలో ఉంది. పానకం తొణికింది, ఒలకలేదు.

ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, "రాయి వెట్టుండ్రి ఎవలన్న!" అని కేకేసింది.

మా అన్న సాసరు పడేసి ఉరికొచ్చాడు. కుడి పక్క తలుపు తీసి, సీటు కింది రాయి లాగి చక్రానికి పెట్టాడు. లేచి ఆమెను చూశాడు. మసి మొహంలో పళ్ళు తెల్లగా కనిపించాయి. ఆమె కూడా నవ్వింది. లగ్నం గంట తర్వాత జరిగిందిగానీ, నన్నడిగితే వాళ్ళ సంసారం అక్కడే మొదలైంది.

బాపు మెల్లగా దగ్గరికొచ్చాడు. "బిడ్డా, నీకు బండి తోలొస్తదా?"

"చెరుకు ట్రాక్టరు తోల్త మామా. ఫ్యాక్టరీకి లోడు నేనే కొట్టుకపోత" అంది, తల మీది కొంగు సర్దుకుంటూ.

లింబాద్రి మామ కాలువ పక్క బురదలోంచి ఎక్కివచ్చాడు. అలక ఇంకా దిగలేదు. "గివన్ని నాకు తెల్వది. ఇజ్జత్ పోయింది. సాయిలూ, నడువు. బస్సెక్కు."

అన్న కదల్లేదు.

"నిన్నేరా. ఎక్కు!"

"నువ్వు పో మామా" అన్నాడు అన్న. "నేను ఈడనే ఉంట."

మీకిది చిన్న మాటే కావచ్చు. చెప్పిన పని చేయనని అన్న అనడం మా వంశంలో ఎవరూ అంతకుముందు వినలేదు. మామ నోరు తెరుచుకునే ఉండిపోయింది. ముత్తెన్న తాత ఆ సందు చూసి దాంట్లో గుప్పెడు చక్కెర పోశాడు. నోట్లో చక్కెర ఉన్నవాడు అలగలేడు కదా, నాకు అనుభవం. తర్వాత తాత నా మెడలో దండ తీసి దులిపి, "కొత్తది తెండ్రిరా" అని కేకేసి, అది తెచ్చేదాకా అన్న చెయ్యి వదల్లేదు.

పెండ్లి బాగా జరిగింది. సాయంత్రం బరాత్ ఊరేగింపు దగ్గర ఇంకో పేచీ వచ్చింది. పెండ్లిజంట ముందు సీట్లో కూర్చుంటే అందరికీ కనబడుతుందన్నారు. సరే అన్నాం. పెండ్లాం మొగుడికి ఎడమ పక్కనే కూర్చోవాలని ముసలమ్మలు పట్టుబట్టారు.

"అవ్వా, ఎడమ దిక్కు స్టీరింగు ఉన్నది" అన్నాను.

"ఉంటే ఏంది? పద్ధతి పద్ధతే!"

మా వదిన నేరుగా పోయి ఎడమ పక్కన కూర్చుంది. పసుపుతాడు మెడలో, చెయ్యి స్టీరింగు మీద. అన్న కుడి పక్కన కూర్చుని, అలవాటు కొద్దీ తల బయటపెట్టాడు. "ఆగు... పిల్లలు... సైకిలు... ఇగ పో!" ఆమె అన్న చెప్పినప్పుడు ఆగింది, చెప్పినప్పుడు కదిలింది. నన్ను అన్నిటికంటే వెనక సీట్లో గంపల మధ్య పడేశారు. ఎడపల్లి ఊరంతా నా మొహం చూసి నవ్వుతూ వెనక్కి పోయింది.

తెల్లారి పాత ఇనుపసామానాయన రానే వచ్చాడు. నేను బండి మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ఒక్క మాట పడొద్దన్న షరతు గుర్తుంది, అడగడానికి నాకు మొహం లేదు. బాపు అరుగు మీద కూర్చుని ఎటూ తేల్చుకోలేకపోతున్నాడు.

వదిన చాయ్ గ్లాసు తెచ్చి బాపు ముందు పెట్టింది. "మామా, ఓ మాట అంట, తప్పు వట్టుకోకు. బండిల ఏం ఖరాబు లేదు. బ్రేకు తొక్కంగనే ఆగింది. ఇడిసినోనిదే ఖరాబు."

బాపు చాయ్ తాగాడు. నన్ను చూశాడు. ఇనుపాయనను చూశాడు. "బండి ఇస్తలేను" అన్నాడు. "కావాలంటే గీన్ని తీస్కపో, తూకానికి."

ఇనుపాయన నన్ను కిందికీ మీదికీ చూసి, "వద్దు సేటూ, మాల్ ఒట్టి రేకు" అని వెళ్ళిపోయాడు.

తాళంచెవి ఆ పొద్దే వదిన కొంగున పడింది. ఇప్పటికీ అక్కడే ఉంది. పసుపు తీసుకుని గంజ్‌కు పోయినా, పుట్టింటికి పోయినా ఆమే నడుపుతుంది, అన్న కుడి పక్కన తల బయటపెడతాడు. కాలేజీ పిల్లలు సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే నాకు కడుపు నిండిపోతుంది. నేను మాత్రం అడిగి ఎక్కాలి.

ఇక ఎడపల్లి సంగతి. ఆనాటి ఎదురుకోళ్ళలో కాలు లేదన్న మాట వాలు కింది వరకూ పోయింది, దిద్దుబాటు మాత్రం అంత దూరం పోలేదు. నేను అక్కడ ఏ శుభకార్యానికి పోయినా ఎవరో ఒక ముసలవ్వ కుర్చీ తీసుకుని వస్తుంది. "కూసో కొడుకా. పాపం, నీ కాలు గట్లనే ఉన్నదా?" అని నా కుడి మోకాలు నిమురుతుంది. మొదట్లో వివరించేవాణ్ణి. ఇప్పుడు వివరించను. అంత ప్రేమగా అడిగిన మనిషిని చిన్నబుచ్చడమెందుకని, వచ్చేటప్పుడు కొంచెం కుంటుతూ వస్తాను.

కాబట్టి సభ్య సమాజం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ పెండ్లికొడుకు బండినీ నడపను. నడిపినా మెడ కిటికీ దగ్గర పెట్టను. పెట్టినా, దండ తెచ్చినవాళ్ళకు ముందు రెండు కాళ్ళూ కిందపెట్టి, కుప్పిగంతు ఒకటి వేసి చూపించకుండా ఆ దండ మెడలో పడనివ్వను. ఎడపల్లిలో తప్ప. అక్కడ గంతు వేస్తే కుర్చీ పోతుంది.